మా అమ్మాయి సరిగమలూ నా సరిగమలూ ఎందుకు కలవడం లేదు?

ఉత్తరం: నాకు 41 ఏళ్లు, మెడికల్ షాపు ఉంది. మా ఊరి రామాలయం భజన మండలిలో పన్నెండేళ్లుగా కీబోర్డు వాయిస్తున్నాను. అంతా చెవితో పట్టుకున్నదే, ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. ఆడవాళ్లు పాడేటప్పుడు ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి ఎలాగో నెట్టుకొస్తాను. ఈ మధ్య మూడో క్లాసు చదివే మా అమ్మాయిని సంగీతం క్లాసులో చేర్చాం. ఇంటికొచ్చి సరళీ స్వరాలు పాడుతుంటే సరదాగా కీబోర్డు మీద కలపబోయాను, అస్సలు కలవలేదు. "నాన్నా, నువ్వు తప్పు వాయిస్తున్నావ్" అంటుంది. దాని పుస్తకం తెరిస్తే కామాలు, చుక్కలు, గీతలు. చర్చిలో వాయించే ఫ్రెండు అయిదు గీతల స్టాఫ్ నొటేషన్ నేర్చుకో, మిగతాదంతా టైమ్ వేస్ట్ అంటాడు. మండలిలో పెద్దాయన ముందు 72 మేళకర్తలు, అంటే మూల రాగాల పేర్లు, కంఠతా పట్టమంటాడు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ వయసులో వస్తుందా?

సమాధానం: వస్తుంది. వయసు సంగతి ఇంతటితో వదిలేద్దాం. పన్నెండేళ్లు చెవితో పాటని పట్టుకుని వెంట వెళ్లినవాడికి చాలామంది విద్యార్థులు నాలుగేళ్లకి గానీ తెచ్చుకోలేని సరుకు అప్పుడే చేతిలో ఉంది, దానికి పేర్లు తెలియవు, అంతే.

ఇక మీ అమ్మాయి మాట. పాపం తను చెప్పింది నిజమే. మీరు ఏం వాయిస్తున్నారో చూడకుండానే చెప్పగలను: సి దగ్గర మొదలుపెట్టి తెల్ల మెట్లు వరసగా ఏడూ నొక్కి, అదే సరిగమపదని అనుకుంటున్నారు. కీబోర్డు కొన్న ప్రతి తెలుగువాడూ మొదట చేసే పనే ఇది, నేనూ చేశాను. ఆ తెల్ల మెట్ల వరస శంకరాభరణం. మీ అమ్మాయికి క్లాసులో చెప్పేది మాయామాళవగౌళ. పురందరదాసు (1484–1564) ఏర్పరిచాడని చెప్పుకునే సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అన్నీ ఈ రాగంలోనే నేర్పుతారు. రెండింటిలోనూ స రి గ మ ప ద ని అనే అంటారు గానీ రి, ద వేరు. ఇది మొదటి తేడా. రెండోది, వాళ్ల టీచరు శ్రుతిపెట్టె సి దగ్గర పెట్టి ఉండదు. చిన్నపిల్లల గొంతుకి అది బాగా కింద పడుతుంది, బహుశా జి దగ్గరో జి షార్ప్ దగ్గరో పెట్టి ఉంటుంది. మీ స ఒక చోట, తన స ఇంకో చోట, పైగా రాగాలే వేరు. ఎలా కలుస్తాయి చెప్పండి!

కాబట్టి మీకు కావలసిన థియరీలో మొదటి ముక్క ఇది: స అంటే సి కాదు. స అంటే ఏ మెట్టూ కాదు. పాడేవాళ్లు ఎక్కడ నిలబడితే అదే స, మిగతా ఆరు స్వరాలూ అక్కడి నుంచి కొలుచుకోవలసిన దూరాలు. ఈ ఒక్క సంగతి ఒంటబడితే ట్రాన్స్‌పోజ్ బటన్ మీద మీకున్న భయభక్తులు సగం పోతాయి.

దూరాలు అన్నాను కదా, నల్ల మెట్లు కూడా కలుపుకుని ఒక్కో మెట్టు లెక్కపెట్టండి. మాయామాళవగౌళకి స నుంచి రి ఒక మెట్టు, రి నుంచి గ మూడు, గ నుంచి మ ఒకటి, మ నుంచి ప రెండు, ప నుంచి ద ఒకటి, ద నుంచి ని మూడు, ని నుంచి పై స ఒకటి. 1-3-1, మధ్యలో 2, మళ్లీ 1-3-1. కింది సగం ఎలా ఉందో పై సగమూ అచ్చం అలాగే ఉంది చూశారా, స రి గ మ పాడటం వస్తే ప ద ని స దానంతటదే వస్తుంది. పిల్లలకి ఈ రాగంతో మొదలుపెట్టడానికి పెద్దవాళ్లు రకరకాల కారణాలు చెబుతారు, నాకు మాత్రం ఇదే అన్నిటికంటే నచ్చిన కారణం. శంకరాభరణం దూరాలు 2-2-1-2-2-2-1. ఈ రెండు వరసలూ ఒక కాగితం మీద రాసి కీబోర్డు పైన అంటించండి.

ఇప్పుడు సి మీద పెడితే మాయామాళవగౌళ సి, సి షార్ప్, ఇ, ఎఫ్, జి, జి షార్ప్, బి అవుతుంది. మీ అమ్మాయి స జి అయితే జి, జి షార్ప్, బి, సి, డి, డి షార్ప్, ఎఫ్ షార్ప్. ఇవాళ సాయంత్రం తనని ఒక్క స పట్టుకుని ఆపమనండి, ఆ మెట్టు వెతకండి, అక్కడి నుంచి 1-3-1 లెక్కపెట్టుకుంటూ వెళ్లండి. ఈసారి తప్పంటే నాకు రాయండి.

మండలిలో పాడేవాళ్లు "ఒకటిన్నర పెట్టు", "ఐదున్నర పెట్టు" అంటూ ఉంటారు కదా, అదీ ఇదే లెక్క. సి ఒకటి, డి రెండు, ఇ మూడు, ఎఫ్ నాలుగు, జి ఐదు, ఎ ఆరు, బి ఏడు. కుడి పక్కన నల్ల మెట్టు ఉంటే దానికి ఒక అర కలపాలి. సి షార్ప్ ఒకటిన్నర, జి షార్ప్ ఐదున్నర. మూడున్నర శ్రుతి అని ఎవరూ అడగరు, గమనించారా? ఇ కీ ఎఫ్ కీ మధ్య నల్ల మెట్టు లేదు, అందుకు. మీకు పన్నెండేళ్లుగా తెలిసిన విషయమే ఇది, ఒకటిన్నర అంటే స అక్కడుందని అర్థం అని మాత్రం ఎవరూ విడమరిచి చెప్పి ఉండరు.

పుస్తకాల్లో చతుశ్రుతి రిషభం (రి), సాధారణ గాంధారం (గ), కైశిక నిషాదం (ని) లాంటి పేర్లు చూసి బెదిరిపోకండి. స నుంచి పై స దాకా మెట్లు పన్నెండే. పేర్లు మాత్రం పదహారు, ఎందుకంటే నాలుగు మెట్లకి రెండేసి పేర్లున్నాయి. స ని సి అనుకుంటే డి షార్ప్ ఒక రాగంలో షట్శ్రుతి రిషభం, ఇంకో రాగంలో సాధారణ గాంధారం. ఒకే మనిషిని ఒక ఇంట్లో బాబాయి అనీ ఇంకో ఇంట్లో మావయ్య అనీ పిలిచినట్టు. ఆ రాగంలో గ స్థానం పైనున్న ఇ కి వెళ్లిపోతే డి షార్ప్ రి గా ఉంటుంది, రి కిందే ఉంటే ఇది గ అవుతుంది. స, ప రెండూ కదలవు, మ కి రెండు చోట్లు. ప్రస్తుతానికి మీకు ఇంతే చాలు.

మీ పెద్దాయన సలహా గురించి కొంచెం కోపంగానే చెబుతాను, ఏమనుకోవద్దు. చిన్నప్పుడు ఒక పరీక్ష కోసం నేను కనకాంగి నుంచి రసికప్రియ దాకా 72 పేర్లూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. మా మాస్టారి దగ్గర శెభాష్ అనిపించుకున్నాను కూడా. అదే వారం ఇంటికొచ్చిన చుట్టం ఒకాయన కల్యాణి కూనిరాగం తీస్తుంటే ఏం రాగమో చెప్పలేక నీళ్లు నమిలాను. చెవికి తెలియని పేరు నోటికి వచ్చి ఏం ప్రయోజనం? మేళకర్తల పట్టిక మీద ఒక సరదా మాత్రం చెబుతాను, పెద్దాయన దగ్గర పనికొస్తుంది. పేరులో మొదటి రెండు అక్షరాలు ఆ మేళకర్త సంఖ్య చెబుతాయి. మాయామాళవగౌళలో మా అంటే 5, యా అంటే 1, తిరగేస్తే 15. మేచకల్యాణిలో మే 5, చ 6, తిరగేస్తే 65. శంకరాభరణానికి ముందు "ధీర" తగిలించింది ఇందుకే, ధీ 9, ర 2, తిరగేస్తే 29. అక్షరాలకి ఇలా అంకెలిచ్చే పద్ధతిని కటపయాది అంటారు. ఇంతవరకు తెలిస్తే పట్టికని కంఠతా పట్టనక్కర్లేదు, అవసరమైనప్పుడు చూసుకోవచ్చు.

దానికి బదులు ఈ రాత్రి ఒక పని చెయ్యండి. నల్ల మెట్లు రెండు ఒక గుంపు, మూడు ఒక గుంపుగా ఉంటాయి కదా. తెల్లవాటిని ముట్టుకోకుండా, మూడింటి గుంపులో మొదటిదాన్ని స అనుకుని అయిదు నల్ల మెట్లూ పైకి వెళ్లి కిందికి రండి. మోహనం. మీ మండలిలో ఎన్ని పాటలున్నాయో ఆ రాగంలో మీకే తడుతుంది. ఇప్పుడు అవే అయిదు మెట్లు, కానీ మూడింటిలో రెండోదాన్ని స అనుకుని అక్కడే ఆగుతూ వాయించండి: మధ్యమావతి, కచేరీ చివర మంగళకరమని పాడేది. మూడింటిలో మూడోది స అయితే హిందోళం. రెండింటి గుంపులో మొదటిది స అయితే శుద్ధ సావేరి, రెండోది అయితే శుద్ధ ధన్యాసి. ఒక్క కొత్త మెట్టు నొక్కలేదు, స ఒక్కటే జరిగింది, అయిదు రాగాలు వచ్చాయి. దీన్ని గ్రహభేదం అంటారు. నొక్కేముందు ఎడమ చేత్తో ఆ స ని కింది స్థాయిలో పట్టుకుని ఉంచడం మర్చిపోకండి, లేకపోతే చెవి మళ్లీ మోహనంలోకే జారిపోతుంది. నాకు ఇది ఎవరూ చెప్పలేదు, ఒక కరెంటు పోయిన రాత్రి హార్మోనియం మీద చీకట్లో దొరికింది, తర్వాత పుస్తకంలో చూసి "ఓహో దీనికి పేరు కూడా ఉందా" అనుకున్నాను.

ఇక మీ అమ్మాయి పుస్తకం. అందులో గుర్తులు నిజానికి చాలా తక్కువ. అక్షరం పైన చుక్క ఉంటే పై స్థాయి, కింద చుక్క ఉంటే కింది స్థాయి. కామా ఒక అక్షరకాలం (తాళంలో ఒక లెక్క) సాగతీత, సెమికోలన్ రెండు. తెలుగు పుస్తకాల్లో దీర్ఘం కూడా వాడతారు: ప అంటే ఒకటి, పా అంటే రెండు, అంటే పా అన్నా ప తర్వాత కామా పెట్టినా ఒకటే. నిలువు గీత తాళంలో ఒక అంగం (భాగం) అయిపోయిందని, రెండు నిలువు గీతలు ఆవర్తం (తాళం ఒక పూర్తి చుట్టు) అయిపోయిందని. స్వరాల నెత్తిన అడ్డగీత ఉంటే వేగం రెట్టింపు, రెండు అడ్డగీతలుంటే నాలుగింతలు. ధైవతాన్ని కొన్ని పుస్తకాల్లో ద అని, కొన్నిట్లో ధ అని వేస్తారు, రెండూ ఒకటే. అచ్చుపనిలో మాత్రం మన లిపితో ఒక చిక్కుంది, తలకట్లూ గుడులూ ఉన్న అక్షరాల మీద చుక్క పెడితే సరిగా కనబడదు, ముఖ్యంగా రి, ని మీద. పాత పుస్తకాల జిరాక్సుల్లో చుక్కలు ఎగిరిపోయి ఉంటాయి. స తర్వాత స్వరం ఒక్కసారిగా వింత దూకుడు దూకితే మీ చెవినే నమ్మండి, చుక్క పోయి ఉంటుంది.

గుర్తులు అరగంటలో వచ్చేస్తాయి, కష్టమంతా కాలం దగ్గరే. ఏ స్వరమో చదవడం సులువే. అది ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగాలో చదవడానికి తాళం వేసే చెయ్యి కావాలి, మీరేమో రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టి కూర్చుంటారు. అందుకని కీబోర్డు మూసెయ్యండి. ఆది తాళం ఎనిమిది అక్షరాలు, 4, 2, 2. తొడ మీద ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, అక్కడికి నాలుగు, ఇది లఘువు. మళ్లీ దెబ్బ, అరచెయ్యి తిప్పి వెయ్యడం, ఇది ద్రుతం. ఇంకో ద్రుతం. ఇప్పుడు ఈ వరస చూడండి:

స రి గ మ | ప , | స రి ||

సరళీ స్వరాల్లోది. మొదటి దెబ్బకి స, వేళ్ల మీద రి గ మ. అయిదో అక్షరానికి ప. ఆరో అక్షరం దగ్గర చెయ్యి తిరుగుతుంది, నోరు మాత్రం ప మీదే ఉంటుంది, కొత్త స్వరం పలకదు, ఊపిరీ ఆపదు. ఏడుకి స, ఎనిమిదికి రి. అందరూ తప్పు చేసేది ఆ కామా దగ్గరే. ఊరుకోవడం మనకి చేతకాదు, ఖాళీ కనిపిస్తే తొందరపడి తర్వాతి స లోకి దూకేస్తాం, ఆవర్తం ఏడు అక్షరాలకే అయిపోతుంది, మళ్లీ మొదటి దెబ్బ ఎక్కడుందో తెలియదు. మీరు భజనలో కూడా పల్లవి చివర ఇలాగే దూకుతుంటారని నా అనుమానం, డోలక్ వాయించే ఆయన్ని అడిగి చూడండి, మొహమాటం లేకుండా చెబుతాడు.

దీన్నే మూడు కాలాల్లో పాడండి: అక్షరానికి ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు. చెయ్యి వేగం మారకూడదు. రెండో కాలంలో చెయ్యి పరుగెత్తుతుంది, అప్పుడు ఆపి మళ్లీ మొదటికి రండి. మొదటి రెండు వారాలూ ఇంతకుమించి ఏమీ వద్దు, రోజుకి ఇరవై నిమిషాలు, షాపు తెరవకముందు, ఫోనులో తంబురా యాప్ పెట్టుకుని. మీకు సుఖంగా ఉండే శ్రుతిలో, గొంతు బాగుండక్కర్లేదు. వాయించేవాడిని, పాడటం ఎందుకంటారేమో, నోటితో పాడలేనిది వేలు వాయించినా చెవి లెక్కలోకి తీసుకోదు.

ఆ తర్వాత రాయడం. మీ అమ్మాయి లెక్కల నోటుపుస్తకం, ఆ గళ్లది, ఒకటి తీసుకోండి. మీకు నిద్రలో కూడా వచ్చే భజన ఒకటి ఎంచుకుని, ముందు తాళం వేస్తూ పాడి ఎన్ని అక్షరాలకి తిరిగొస్తోందో చూడండి. ఎనిమిదైతే వరసకి ఎనిమిది గళ్లు. 3, 4 గా విరిగి ఏడుకి వస్తే మిశ్రచాపు, ఏడు గళ్లు. ఒక వరసలో స్వరాలు, కింద వరసలో సాహిత్యం. ఒక గడిలో రెండు స్వరాలు ఇరికితే పైన అడ్డగీత, ఏమీ లేకపోతే కామా. పల్లవి ఎత్తుగడ మొదటి దెబ్బకే రాకపోవచ్చు, అప్పుడు ముందు గళ్లు ఖాళీగా వదలండి. మొదటి పాటకి మీకు రెండు మూడు సాయంత్రాలు పడుతుంది, తుడుపులతో పేజీ మురికిమురికి అవుతుంది. పదో పాటకి అరగంట. ఇతరులు రాసింది చదవడం దీనివల్లే వస్తుంది, నన్నడిగితే నొటేషన్ చదివి నేర్చుకునేవాళ్ల కంటే రాసి నేర్చుకునేవాళ్లే తొందరగా ముందుకి వెళ్తారు.

మీ చర్చి ఫ్రెండు మాట కొట్టిపారేయను. అయిదు గీతల మీద ఒక నోటు ఏ గీత మీద కూర్చుంటే ఆ మెట్టు, ఎవరు పాడినా ఎక్కడ పాడినా అదే మెట్టు. ఎంతసేపు మోగాలో నోటు ఆకారమే చెబుతుంది. నాలుగు గొంతులు నాలుగు రకాలుగా ఒకేసారి పాడే క్వయర్‌కి, సినిమా రికార్డింగులో ముప్పై వయొలిన్లు ఒకే చూపులో చదివి వాయించడానికి అంతకంటే మంచి పద్ధతి లేదు. మన స్వరలిపి మెట్టు చెప్పదు, స నుంచి దూరం చెబుతుంది. అందుకే ఒకే కాగితం పెట్టుకుని ఒకటో శ్రుతిలో పాడే మగవాళ్లూ ఐదున్నరలో పాడే ఆడవాళ్లూ పాడగలరు. మీ అవసరం భజన మండలి, మీ అమ్మాయి, కాబట్టి మీకు ముందు ఇదే. వచ్చే ఏడాది స్టాఫ్ నేర్చుకోండి, అప్పటికి కాలం లెక్క వచ్చి ఉంటుంది కాబట్టి సగం పని అయిపోయినట్టే. అన్నట్టు మీ ఫ్రెండు దగ్గర పాత తెలుగు క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంటే అడిగి చూడండి, పాట నెత్తిన రాగం, తాళం పేర్లు వేసి ఉంటాయి. ఆయనకీ మీకూ మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

రాసిపెట్టుకోకపోతే ఏమవుతుందో తిరుమలలో దొరికిన అన్నమయ్య రాగిరేకులే సాక్ష్యం. సంకీర్తన ఉంది, రాగం పేరుంది, స్వరం లేదు. అందుకే ఇవాళ మనం పాడే వరసల్లో చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి లాంటివాళ్లు గత శతాబ్దంలో కట్టినవి. అన్నమయ్య ఎలా పాడాడో ఎవరికీ తెలియదు. అలాగని రాస్తే అంతా దొరుకుతుందా అంటే అదీ లేదు. తోడి రాగంలో గ అని రాసి ఉన్నచోట మీరు ఆ మెట్టు నొక్కి పట్టుకుంటే తోడి పలకదు, ఆ గ ఊగాలి, రి దాకా దిగి పైకి తాకి రావాలి. ఆ ఊపే గమకం. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురం నుంచి తెలుగు లిపిలో అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో గమకాలకి విడిగా గుర్తులు పెట్టాడు, తమిళదేశంలో అచ్చయిన తెలుగు పుస్తకం అది. అంత చేసినా విని నేర్చుకున్నవాడికే ఆ గుర్తులు మాట్లాడతాయి. మీ కీబోర్డులో పిచ్ వీల్ ఉంటే కొంతవరకు ఊపవచ్చు, దాని మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

కాబట్టి ఒక మనిషి కావాలి, వారానికి ఒక్కరోజైనా. మీ అమ్మాయి టీచరు గారినే అడగండి, పిల్లని దింపడానికి ఎలాగూ వెళ్తున్నారు, వెనక వరసలో చాప మీద కూర్చోనిస్తారేమో. సిగ్గుపడితే పడండి, రెండు క్లాసుల్లో పోతుంది. పరీక్షల మీద ఆసక్తి పుడితే ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులున్నాయి, 1919లో మొదలైన విజయనగరం కళాశాల వాటన్నిటికీ పెద్దక్క. దాని గురించి ఇప్పుడే టెన్షన్ వద్దు.

ట్రాన్స్‌పోజ్ బటన్ సంగతి. గుళ్లో ప్రోగ్రాం రోజున నిరభ్యంతరంగా వాడండి, అక్కడ ప్రయోగాలు చేస్తే ఆడవాళ్లు ఊరుకోరు. ఇంట్లో మాత్రం రెండు నెలలు సున్నా దగ్గర ఉంచి దాని మీద ఒక ముక్క టేపు అంటించండి. మోహనం ఒక్కటి తీసుకుని ఒకటికి, రెండుకి, నాలుగుకి, ఐదుకి, ఐదున్నరకి వాయించండి. ప్రతిచోటా వేళ్లు కొత్తగా తడబడతాయి, చెవికి మాత్రం ప్రతిచోటా అదే మోహనం వినబడుతుంది.

మీ అమ్మాయికి కొన్నాళ్లలో మలహరి రాగంలో గీతం మొదలవుతుంది, రూపక తాళం, ఆరు అక్షరాలు. మ ప | ద స స రి || అని ఎత్తుకుంటుంది. అందులో చివరి మూడు స్వరాల మీదా చుక్కలుంటాయి, ఇక్కడ టైపులో పెట్టలేకపోతున్నాను. ఆ రోజు తను పుస్తకం పట్టుకుని వస్తుంది. మీరేమీ చెప్పకుండా కీబోర్డు మీద తన శ్రుతికి స పట్టి ఉంచి, "ఈ మూడూ ఎక్కడున్నాయో నువ్వే వెతుకు" అనండి.